4,000 కొవిడ్ అబ్‌స్ట్రాక్టులు, చదివేది ఇద్దరం: స్పామ్ ఫిల్టర్ లెక్క ఇక్కడ పనికొస్తుందా?

పల్లేరుకాయ

కొవిడ్‌తో పాటు వచ్చిన మ్యూకోర్‌మైకోసిస్ మీద సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలన్నీ వెతికి, ఏరి, కలిపి చూడటం) చేస్తున్నాం. 2021 వేసవిలో అందరి నోళ్లలో నానిన బ్లాక్ ఫంగస్ అదే. పబ్‌మెడ్, ఎంబేస్, స్కోపస్ అనే మూడు పేపర్ల డేటాబేసుల్లో వెతికి డూప్లికేట్లు తీసేస్తే 4,000 రికార్డులు (శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ అనే సారాంశం) మిగిలాయి. మాకు కావలసినవి కనీసం పదిమంది రోగులున్న స్టడీలు. ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఇచ్చారా, సర్జరీ చేశారా, ఎంతమంది బతికారు అన్న మూడూ చెప్పి ఉండాలి. అలాంటివి నూటికి రెండు ఉంటే ఎక్కువ. అంటే 80 పేపర్ల కోసం 4,000 చదవాలి.

మెయిల్‌లో స్పామ్ ఏరే లెక్కే ఇక్కడా వాడతారని విన్నాను. అది నిజంగా ఒకటే లెక్కా, లేక ఊరికే పోలికా? ఏ టూల్‌తో, ఏ వరసలో చేయాలి? అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ ఆపాలి? సగంలో ఆపేస్తే రివ్యూయర్లు ఊరుకోరు కదా. కోడింగ్ కొద్దిగా వచ్చు, గణితం ఇంటర్ వరకే.

---

జల్లెడ

పోలిక కాదండీ, ఒకటే లెక్క. మీ సంఖ్యలతోనే చేసి చూపిస్తాను.

4,000లో 80 అంటే 2 శాతం. ఏ పేపర్ చేతికొచ్చినా, చదవకముందు అది పనికొచ్చేది అనడానికి ఉన్న ఆడ్స్ (అవునుకీ కాదుకీ ఉన్న నిష్పత్తి) 0.02ని 0.98తో భాగిస్తే 0.0204. ఇప్పుడు అబ్‌స్ట్రాక్ట్‌లో మాటలు చూడాలి. ఉదాహరణకి ‘రెట్రోస్పెక్టివ్’ అనే మాట పనికొచ్చేవాటిలో 60 శాతంలో, పనికిరానివాటిలో 5 శాతంలో ఉందనుకోండి. నిష్పత్తి 12. ‘డెబ్రైడ్‌మెంట్’ (చచ్చిన కణజాలం కోసి తీసేయడం) 50కి 10, అంటే 5. ‘మోర్టాలిటీ’ 70కి 20, అంటే 3.5. మూడూ ఉన్న పేపర్‌కి 12 × 5 × 3.5 = 210. దాన్ని 0.0204తో గుణిస్తే ఆడ్స్ 4.29, సంభావ్యత 81 శాతం. 2 శాతం దగ్గర మొదలైనది మూడు మాటలతో 81కి ఎక్కింది. ఇదే నైవ్ బేయిస్. పై అంకెలు నేను ఊహించినవి. అసలు అంకెల్ని మీరు పెట్టే లేబుళ్ల నుంచి యంత్రమే లెక్కేసుకుంటుంది.

‘మ్యూకోర్‌మైకోసిస్’ అన్న మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదని గమనించండి. మీరు ఆ మాటతోనే వెతికారు కాబట్టి అది 4,000లోనూ ఉంటుంది, నిష్పత్తి 1. చాలామంది ‘కీలకమైన’ మాటల జాబితా రాసుకుని కూర్చుంటారు. వెతకడానికి కీలకమైన మాట ఏరడానికి దండగ.

‘నైవ్’ అని పేరెందుకంటే, మాటలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని ఈ లెక్క అమాయకంగా నమ్ముతుంది. డెబ్రైడ్‌మెంట్ ఉన్నచోట ఆంఫోటెరిసిన్ ఎలాగూ ఉంటుంది, కానీ లెక్క ఆ రెంటినీ వేరువేరు సాక్షులుగా తీసుకుంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరు చెప్పిన మాటని రెండు సాక్ష్యాలుగా రాసుకున్నట్టు. అందువల్ల అది ఇచ్చే 99.9 శాతాన్ని అంకెగా నమ్మకూడదు. వరస మాత్రం బాగానే వస్తుంది, మీకు కావలసింది కూడా వరసే.

సొంతంగా రాసేవాళ్లు రెండుచోట్ల బోల్తా పడతారు. పనికొచ్చేవాటిలో ఇంతవరకూ ఒక్కసారీ కనబడని మాట వస్తే నిష్పత్తి సున్నా అవుతుంది, గుణకారం మొత్తం సున్నా. అందుకే ప్రతి లెక్కకీ ముందే చిన్న అంకె కలుపుతారు. రెండోది, 200 మాటల అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక్కో సంభావ్యత 0.01 అనుకుంటే లబ్ధం పది ఘాతం మైనస్ 400. కంప్యూటర్ మామూలుగా వాడే దశాంశ సంఖ్య మైనస్ 308 దాటితే ఖచ్చితత్వం పోగొట్టుకుంటూ త్వరలోనే సున్నా అయిపోతుంది. అందుకని లాగరిథమ్‌లు తీసి కూడతారు.

దీని పుట్టుక కూడా మీ రంగానికి దూరం కాదు. 1998లో సహామీ, డ్యూమే, హెకర్‌మన్, హార్విట్జ్ కలిసి బేయిస్ పద్ధతిలో జంక్ మెయిల్ ఏరడం మీద పేపర్ రాశారు. వాళ్లలో డేవిడ్ హెకర్‌మన్ స్టాన్‌ఫర్డ్‌లో వైద్యమూ కంప్యూటర్ సైన్సూ రెండూ చదివినవాడు. అంతకుముందు ఆయన పనిచేసింది పాత్‌ఫైండర్ మీద. మైక్రోస్కోప్‌లో లింఫ్ గ్రంథి ముక్క చూసే పాథాలజిస్టుకి ఏ జబ్బో తేల్చడంలో సాయపడే ప్రోగ్రామ్ అది, దాని తొలి రూపాల్లో ఒకటి ఇదే అమాయకపు బేయిస్. అంటే ఈ లెక్క ల్యాబ్ నుంచి మెయిల్‌కి వెళ్లింది, మీరు మళ్లీ ఆస్పత్రికి తెస్తున్నారు.

ఒక్కటి మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. ఆ 1998 పేపర్‌లో 99.9 శాతం దాటితేనే స్పామ్ అన్నారు. ఒక మంచి మెయిల్ చెత్తలో పడటం, ఒక చెత్త మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రావడం కన్నా 999 రెట్లు నష్టం అని దానర్థం. మీ దగ్గర నష్టం అవతలివైపు ఉంది. పనికిరాని అబ్‌స్ట్రాక్ట్ ఒకటి ఎక్కువ చదివితే పోయేది అర నిమిషం, పనికొచ్చే స్టడీ ఒకటి జారిపోతే మరణాల లెక్కే మారిపోవచ్చు. కాబట్టి 50 శాతం పైన ఉంచి, కింద తీసేసే గీత మీరు గీయకండి. ఎక్కడా గీత వద్దు. యంత్రం వరస పెడుతుంది, మీరు పైనుంచి చదువుకుంటూ రండి.

---

అంకెలపేట

పైన చెప్పిన వరస పద్ధతికి కంటిన్యువస్ యాక్టివ్ లెర్నింగ్ అని పేరు. దీన్ని గట్టిగా నిలబెట్టింది వాటర్‌లూ యూనివర్సిటీకి చెందిన గోర్డన్ కార్మాక్, మోరా గ్రాస్‌మన్. కార్మాక్ అంతకుముందు 2005 నుంచి 2007 దాకా, వెతికే సాఫ్ట్‌వేర్లని పరీక్షించే ట్రెక్ పోటీల్లో స్పామ్ విభాగం నడిపినవాడు. కోర్టు కేసుల్లో లక్షల మెయిళ్లలోంచి సాక్ష్యాలు ఏరడానికి వీళ్లు ఈ పద్ధతి వాడారు. 2014లో పోల్చి చూసినప్పుడు, ముందే యాదృచ్ఛికంగా కొన్ని తీసుకుని నేర్పి వదిలేసే పద్ధతుల కన్నా, ప్రతి విడతా పైన ఉన్నవాటినే చదువుతూ నేర్పుతూ పోయేదే తక్కువ చదువుతో ఎక్కువ పట్టింది.

వాళ్ల పద్ధతి చేత్తో చేయగలిగినంత సులువు. మీకు కావలసిన పేపర్ ఎలా ఉండాలో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ రాత ఒక్కటే మొదటి ‘పనికొచ్చే’ పత్రం. మొత్తంలోంచి 100 రికార్డులు కళ్లుమూసుకుని తీసి, వాటిని తాత్కాలికంగా ‘పనికిరానివి’ అనుకోండి. నూటికి రెండే పనికొస్తాయి కాబట్టి ఈ అబద్ధం పెద్దగా దెబ్బతీయదు. మోడల్‌ని నేర్పించి, ఆ 100నీ వెనక్కి పంపేసి, అన్నిటికన్నా పైన నిలిచిన ఒక్క రికార్డు చదివి లేబుల్ పెట్టండి. తర్వాతి విడతలో కొత్తగా ఇంకో 100, ఈసారి చదివేది రెండు. విడత పరిమాణంలో పదోవంతు, పైకి సవరించి, ప్రతిసారీ కలుపుతారు: 1, 2, 3 అలా 10 దాకా, తర్వాత 11, 13, 15, 17. మొదట్లో చిన్న విడతలు ఎందుకంటే అప్పటికి మోడల్‌కి ఏమీ తెలీదు. ఒక్కో లేబుల్ దాని దారి మారుస్తుంది.

మెయిల్ సర్వర్ నడిపినవాళ్లకి ఇక్కడ సందేహం వస్తుంది. స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్‌లో బేయిస్ భాగం, 200 మంచి మెయిళ్లు, 200 స్పామ్ చూపించేదాకా నోరు విప్పదు. మీ దగ్గర ఉన్నవే 80, ఒక్కదానితో మొదలుపెట్టమంటున్నాం. తేడా ఏమిటంటే అది తీర్పు చెప్పాలి, ఇది తర్వాత ఏది చదవాలో చెబితే చాలు. తప్పు చెబితే మీరే వెంటనే దిద్దుతారు.

కోడ్ రాసే పని లేకుండా కావాలంటే ఏఎస్‌రివ్యూ. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన ఉచిత ఓపెన్ సోర్స్ టూల్. 2020లో కొవిడ్ పేపర్ల కోసం దానికి ప్రత్యేకంగా ఒక ప్లగిన్ కూడా పెట్టారు. మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది, రికార్డులు బయటికి పోవు. పైథాన్ ఉంటే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, టెర్మినల్‌లో ఏఎస్‌రివ్యూ ల్యాబ్ అని కొడితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. జోటెరో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) నుంచి ఆర్‌ఐఎస్ ఫైల్‌గా ఎగుమతి చేసి ఎక్కించండి. మొదటి వెర్షన్లలో డిఫాల్ట్ టీఎఫ్-ఐడీఎఫ్ (మాటలకి బరువులిచ్చే లెక్క), నైవ్ బేయిస్ జంట. రెండో వెర్షన్ నుంచి నైవ్ బేయిస్ బదులు ఎస్‌వీఎమ్ అనే ఇంకో ఏరే పద్ధతి వచ్చింది. పాత వెర్షన్‌లో నైవ్ బేయిస్‌తో డాక్2వెక్ (పత్రాన్ని అంకెల వరసగా మార్చేది) లాంటి ఫీచర్లు జతచేస్తే ఎర్రర్ వస్తుంది. ఈ రకం నైవ్ బేయిస్‌కి మాటల లెక్కలు కావాలి, మైనస్ అంకెలు మింగుడుపడవు. దానికోసం గంటలు తలపట్టుకోకండి.

ఎక్కించే ముందు చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది దీన్ని దాటేస్తారు. అబ్‌స్ట్రాక్ట్ లేని రికార్డులు వేరే ఫైల్‌లోకి తీసేయండి. మీ టాపిక్‌లో ఎడిటర్‌కి ఉత్తరాలు, చిన్న కేస్ సిరీస్‌లు బోలెడు ఉంటాయి, వాటికి శీర్షిక తప్ప ఏమీ ఉండదు. పది మాటల శీర్షికతో సంభావ్యత 2 శాతం దగ్గర్నుంచి పెద్దగా కదలదు, అవి వరసలో మధ్యలోనో వెనకనో ఇరుక్కుపోతాయి. ఉత్తరంగా అచ్చయిన దాంట్లోనూ నలభైమంది రోగుల లెక్క ఉండొచ్చు. వాటిని చేత్తోనే చూడాలి.

తర్వాత, మీరిద్దరూ ముందు ఒకే 100 రికార్డులు విడివిడిగా చదివి పోల్చుకోండి. ‘పదిమంది రోగులు’ అంటే కొవిడ్ ఉన్న పదిమందా, మొత్తం మ్యూకోర్ రోగులు పదిమందా? ఇలాంటి మెలిక 700వ రికార్డు దగ్గర తేలితే వెనక్కి వెళ్లి దిద్దడం నరకం. పైగా అప్పటికి మోడల్ తప్పుడు లేబుళ్లతో నేర్చుకుని ఉంటుంది. అనుమానం ఉన్నదాన్ని ఈ దశలో ‘పనికొస్తుంది’ అనే పెట్టండి, పూర్తి పేపర్ చదివేటప్పుడు తీసేయొచ్చు.

---

పల్లేరుకాయ

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అబ్‌స్ట్రాక్ట్ లేనివి వేరుచేస్తే 430 తేలాయి, అవి చేత్తోనే చూస్తాం. ఆపే సంగతి చెప్పలేదు. వరసగా 100 పనికిరానివి వస్తే ఆపేయొచ్చని ఒక పేపర్‌లో రాశారు. సరిపోతుందా?

---

మూడోవంతు

సరిపోదు. ‘వరసగా 100’ అన్నది వాడుక, గ్యారంటీ కాదు. ఎందుకు చాలదో మీ టాపిక్‌లోనే తెలుస్తుంది. మ్యూకోర్ పేపర్లు మూడు నాలుగు గుంపులు: కంటి డాక్టర్లవి, ఈఎన్‌టీవి, ఊపిరితిత్తులవి, దవడ ఎముకకి పట్టినదాని మీద డెంటల్ సర్జన్లవి. మొదట దొరికినవి కంటివాళ్లవైతే మోడల్ ‘ఆర్బిటల్’, ‘ఎక్సెంటరేషన్’ (కన్ను తీసేయడం) లాంటి మాటల వెంట పడుతుంది. ఆ గుంపు అయిపోగానే వరసగా 100 చెత్త వస్తుంది. అక్కడ ఆపితే ‘మాక్సిలెక్టమీ’ (పై దవడ తీసేయడం) అని రాసే డెంటల్ గుంపు మొత్తం గంగలో కలుస్తుంది. ఇంకొంచెం ముందుకెళ్లి ఆ గుంపులో ఒక్కటి తగిలితే చాలు, మిగతావి దాని వెంట పైకి వస్తాయి. మొదట్లో ఇచ్చే నమూనాల్లో ప్రతి గుంపుది ఒక్కటైనా పెట్టండి.

లెక్క సులువుగా ఉండటానికి 4,000నే పట్టుకుంటాను. 1,200 చదివారు, 76 దొరికాయి, 2,800 మిగిలాయి అనుకుందాం. మిగిలినవాటిలోంచి యాదృచ్ఛికంగా 300 తీసి చదివారు, ఒక్కటీ పనికొచ్చేది లేదు. హమ్మయ్య అనిపిస్తుంది. కానీ సున్నా కనబడినప్పుడు 95 శాతం నమ్మకంతో పైహద్దు 3ని శాంపిల్ సైజుతో భాగించినంత. 3/300 అంటే 1 శాతం. 2,800లో 1 శాతం 28. అంటే 76కి ఇంకో 28 మిగిలి ఉన్నా ఆశ్చర్యం లేదు, రీకాల్ (పనికొచ్చేవాటన్నిటిలో దొరికినవాటి వాటా) 76/104, అంటే 73 శాతం దాకా దిగొచ్చు. 300 చదివి తేల్చింది అంతే. అదే 1,000 చదివి సున్నా వస్తే హద్దు 0.3 శాతం, మిగిలినవి 8 లేదా 9, రీకాల్ కనీసం 90 శాతం చుట్టుపక్కల. కానీ 1,200 + 1,000 చదివాక మీరు మిగుల్చుకున్నది ఎంత? 1,800. అసలు నిజం ఇదీ, 2 శాతం దొరికే గుట్టలో ‘ఏమీ మిగల్లేదు’ అని నిరూపించడం, వెతకడం కన్నా ఖరీదు.

గుర్తుంచుకోండి, పత్రికల్లో వచ్చే ‘95 శాతం రీకాల్ దగ్గర పని ఆదా’ అంకె మీకు నేరుగా వర్తించదు. 2006లో కోహెన్ బృందం పెట్టిన కొలత అది: చదవకుండా వదిలిన భాగంలోంచి 0.05 తీసేయడం. పై ఉదాహరణలో 80లో 76 దొరికాయి కాబట్టి 2,800/4,000 − 0.05 = 0.65. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ మొత్తం 80 అని ముందే తెలిసిన పాత డేటా మీదే ఆ లెక్క వేయగలరు. మీకు 80 అన్నది అంచనా మాత్రమే.

నేను సూచించేది కార్మాక్, గ్రాస్‌మన్‌లు 2016లో చెప్పిన టార్గెట్ పద్ధతి. మోడల్ జోలికి పోకముందే యాదృచ్ఛికంగా చదువుతూ పనికొచ్చేవి 10 దొరికేదాకా వెళ్లండి. 2 శాతం లెక్కన దాదాపు 500 రికార్డులు. ఆ పదింటినీ పక్కన దాచి, మోడల్‌కి చెప్పకుండా, మొత్తం గుట్ట మీద పని మొదలుపెట్టండి. దాచిన పదీ మళ్లీ వరసలో పైకి వచ్చి దొరికినప్పుడు ఆపండి. 95 శాతం నమ్మకంతో రీకాల్ కనీసం 70 అని దీనికి గణిత నిరూపణ ఉంది. నిరూపించగలిగిన కనీసం అది. నిజంగా వచ్చేది సాధారణంగా అంతకన్నా చాలా ఎక్కువే. ఆ 500 వృథా కాదు, మీ 2 శాతం అంచనా నిజమో కాదో తేలుతుంది, ఇద్దరి లేబుళ్ల పొంతనా అందులోనే చూసుకోవచ్చు.

ఒకవేళ 500 చదివినా పనికొచ్చేవి మూడే తేలితే, మీ దగ్గర ఉన్నవి 80 కాదు, 20 నుంచి 30. అప్పుడు నిస్సంకోచంగా 4,000 చదివేయండి. రికార్డుకి అర నిమిషం చొప్పున 33 గంటలు. ఇద్దరు రెండు వారాల్లో ముగిస్తారు. ఇలాంటి సైజులో యంత్రం ముచ్చట తీర్చుకోవడం కన్నా అది నయం.

---

గుడ్లగూబ

ఇదంతా ఎందుకు, ఏ చాట్‌బాట్‌కో 4,000 ఇచ్చి ‘ఉంచు, తీసేయ్’ అని అడిగితే అయిపోదా?

---

అంకెలపేట

అడగొచ్చు. కానీ అలా అడిగితే అది ఇచ్చేది అవును, కాదు. వరస ఇవ్వదు, కాబట్టి పైనుంచి చదువుతూ రావడం కుదరదు. అదే ప్రశ్న రేపు అడిగితే, లోపల మోడల్ మారి ఉంటే, జవాబూ మారుతుంది. వాడితే మోడల్ వెర్షన్, తేదీ, అడిగిన ప్రశ్న యథాతథంగా భద్రపరచాలి. మీ ఇద్దరికీ తోడు మూడో చదువరిగా పెట్టి, అది ‘ఉంచు’ అని మీరు ‘తీసేయ్’ అన్నవాటిని మళ్లీ చూడటం తెలివైన వాడకం. ఒంటరిగా తీసేసే అధికారం మాత్రం ఇవ్వొద్దు.

---

నాగేటిచాలు

మాటలు మారిపోవడం గురించి ఎవరూ ఎత్తలేదు. స్పామ్‌లో ఇది పాత కథ. మందు పేరులో అక్షరం బదులు అంకె పెట్టడం, కింద నాలుగు మంచి మాటలు అతికించి ఫిల్టర్‌ని మభ్యపెట్టడం, చివరికి మాటలే లేకుండా బొమ్మ పంపడం. అక్కడ అవతల మనిషి కావాలని మారుస్తాడు. మహమ్మారి సాహిత్యంలో మోసం చేసేవాళ్లెవరూ లేరు, అయినా అదే జరిగింది. 2020 జనవరిలో అచ్చయినవాటిలో ‘2019-ఎన్‌కోవ్’. కొవిడ్-19 అన్న పేరు డబ్ల్యూహెచ్‌వో పెట్టింది ఫిబ్రవరి 11న. వేరియంట్లకి గ్రీకు అక్షరాలు వచ్చింది 2021 మే 31న, అంతకుముందు రాసినవాటిలో డెల్టా ఉండదు, బి.1.617.2 ఉంటుంది. పోనీ ‘డెల్టా’ అని వెతికితే హెపటైటిస్ డెల్టా వస్తుంది.

మీ టాపిక్‌లో ఇంకా ఘోరం. పాతవాళ్లు ‘జైగోమైకోసిస్’ అంటారు. ‘క్యామ్’ అని పొట్టిగా రాస్తారు కొవిడ్ మ్యూకోర్‌ని, అదే పొట్టిపేరు ప్రత్యామ్నాయ వైద్యానికీ ఉంది. ముక్కు, కన్ను, మెదడు కలిపి ‘ఆర్‌ఓసీఎమ్’. ‘బ్లాక్ ఫంగస్’ అన్నది అసలు తప్పు పేరు. శాస్త్రంలో నల్ల శిలీంధ్రాలు వేరే జాతి, మ్యూకోర్‌లో నలుపు చచ్చిపోయిన కణజాలానిది. పేరు తప్పయినా శీర్షికల్లో ఉంది కాబట్టి వదలడానికి లేదు. మాటల్ని విడివిడిగా లెక్కపెట్టే మన పద్ధతికి ఇవన్నీ ఒకటేనని తెలీదు. ఆర్‌ఐఎస్ ఫైల్ ఎక్కించే ముందు ఒక చిన్న పట్టిక రాసుకుని ఈ పేర్లన్నిటినీ ఒకే మాటగా మార్చేయండి. పైథాన్‌లో పదిహేను వరసల పని. మార్చిన కాపీ మోడల్‌కి, మార్చని కాపీ మీకు.

జర్నల్ పేరు, సంవత్సరం, రచయితల ఊరు లాంటివి మోడల్‌కి చూపించకండి. మెయిల్‌లో అవి బంగారం. 1998 పేపర్‌లో పంపినవాడి డొమైన్, మెయిల్ వచ్చిన వేళ కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇక్కడ మాత్రం జర్నల్ పేరు చూసి నేర్చుకుంటే కంటి జర్నల్‌లో అచ్చయిందంటే చాలు పైకి లేపుతుంది.

ఇదే జబ్బు కొవిడ్ ఎక్స్‌రే మోడళ్లని ముంచింది. కొవిడ్ ఫిల్ములు ఒక చోటి నుంచి, కొవిడ్ లేనివి ఇంకో చోటి నుంచి తెచ్చి కలిపారు. కొన్నిటిలో ‘లేనివి’గా వాడింది ఒకటి నుంచి అయిదేళ్ల పిల్లల న్యుమోనియా ఫిల్ములు. మోడల్ కొవిడ్ కాదు, పెద్దా చిన్నా నేర్చుకుంది. 2021లో డీగ్రేవ్ బృందం చూపించింది కూడా ఇలాంటిదే: ఫిల్మ్ మూలన ఉన్న గుర్తుల్నీ, భుజాల అంచుల్నీ పట్టుకుని తీర్పు చెబుతున్న మోడళ్లు ఇంకో ఆస్పత్రి ఫిల్ములకి రాగానే చతికిలబడ్డాయి. అదే ఏడాది రాబర్ట్స్ బృందం 2,212 స్టడీలతో మొదలుపెట్టి, జల్లించి 62 మిగిల్చి, వాటిలో ఒక్కటీ రోగుల మీద వాడదగింది కాదని తేల్చింది. స్పామ్ పరీక్షల్లో కూడా, ఒక ఏడాది మంచి మెయిళ్లు, మరో ఏడాది స్పామ్ కలిపితే ఫిల్టర్ తేదీ చూసి నూటికి నూరు తెచ్చుకుంటుంది.

---

జల్లెడ

నాగేటిచాలు గారు చెప్పిన దానికి హెకర్‌మన్ దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. ఆయన తర్వాత హెచ్‌ఐవీ మీదికి వెళ్లాడు. వైరస్ కూడా స్పామర్ లాగే పట్టేవాడిని చూసి మారుతుందన్న ఆలోచన. మన కణాలు వైరస్ ప్రొటీన్‌ని 8 నుంచి 11 అమైనో ఆమ్లాల ముక్కలుగా హెచ్‌ఎల్‌ఏ అణువుల మీద పెట్టి రోగనిరోధక కణాలకి చూపిస్తాయి. బి57 రకం హెచ్‌ఎల్‌ఏ ఉన్నవాళ్లలో వైరస్ గ్యాగ్ ప్రొటీన్ 242వ స్థానంలో థ్రియోనిన్‌ని యాస్పరజీన్‌గా మార్చి తప్పించుకుంటుంది. దానికి మూల్యంగా కాస్త బలహీనపడుతుంది, బి57 లేని మనిషిలోకి వెళ్తే మళ్లీ పాత రూపానికి తిరిగి వస్తుంది. అలా మారితే వైరస్‌కే నష్టమయ్యే చోట్లు వెతికి టీకా అక్కడ గురిపెట్టాలన్నది లక్ష్యం.

లెక్కలో మెలిక ఎక్కడంటే, ఫలానా హెచ్‌ఎల్‌ఏ ఉన్నవాళ్లలో ఫలానా మార్పు ఎక్కువ కనబడగానే కారణం అదేనని అనలేం. ఒకే ప్రాంతంలో ఒకే మూలం నుంచి వైరస్ అంటుకుని ఉండొచ్చు. ఆ ప్రాంతంలో ఆ హెచ్‌ఎల్‌ఏ కూడా ఎక్కువ ఉండొచ్చు. 2007లో సైన్స్ పత్రికలో, ఆయన కూడా ఉన్న బృందం వైరస్ వంశవృక్షాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, అంతకుముందు ప్రకటించిన సంబంధాల్లో చాలావరకు వంశం వల్ల కనబడినవేనని తేలింది. పిల్లల ఎక్స్‌రే కథ, ఇంకో వేషం. మీ 4,000లో కూడా ఒకే ఆస్పత్రి రోగులు మూడు పేపర్లలో మూడుసార్లు లెక్కకి రావచ్చు. ఆస్పత్రి, తేదీల పరిధి, రోగుల సంఖ్య మూడు గడుల పట్టిక ఒకటి పక్కన పెట్టుకోండి.

---

పల్లేరుకాయ

టార్గెట్ పద్ధతికే వెళ్తున్నాం, ముందు 500. చివరి ప్రశ్న: ఇదంతా మెథడ్స్‌లో ఎలా రాయాలి?

---

మూడోవంతు

సిస్టమాటిక్ రివ్యూలో ఏమేం రాయాలో చెప్పే ప్రిస్మా 2020 జాబితాలో ఎనిమిదో అంశం ఎంపిక విధానం గురించి, ఆటోమేషన్ టూల్స్ వాడితే వివరాలు అక్కడే అడుగుతారు. ఫ్లో డయాగ్రమ్‌లో టూల్ తీసేసినవాటికి వేరే గడి ఉంది. టూల్ పేరు, వెర్షన్, ఫీచర్, క్లాసిఫయర్, మొదట ఇచ్చిన నమూనాల సంఖ్య, ఆపిన నియమం, ఆపేనాటికి చదివినవి ఎన్ని, చదవనివి ఎన్ని రాయండి. ఆపే నియమాన్ని ప్రోటోకాల్‌లో ఇప్పుడే రాసిపెట్టండి, 500 మొదలుపెట్టక ముందే. లేబుళ్ల వరసతో సహా ప్రాజెక్టు ఫైల్‌ని అనుబంధంగా పెడితే రివ్యూయర్ అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి. అబ్‌స్ట్రాక్ట్ లేని 430 చేత్తో చూశామని వేరే వాక్యంలో రాయండి, టూల్ చూసిన అంకెల్లో వాటిని కలపొద్దు.